గొర్రెకు మోకాలెక్కడ?

గట్టయ్యకు గొర్రెల సంగతి ఎవరైనా నేర్పబోతే ఒళ్లు మండేది. చెప్పేవాడు ఎంత చదువుకున్నవాడైనా సరే, ముందు ఒక నవ్వు నవ్వి, తరువాత మొహం అటు తిప్పుకునేవాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. అందులో యాభై ఏళ్లు గొర్రెల వెనకే నడిచాడు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె, గొర్రెలు కాసే కురుమల ఇల్లు, తాతల నాటి మంద. గొర్రె దగ్గితే అది దుమ్ముకు దగ్గిందో జబ్బుకు దగ్గిందో తల తిప్పకుండానే చెప్పేవాడు. నూరు గొర్రెలు నడుస్తుంటే ఒక్కదాని అడుగు తేడాగా పడినా చెవితోనే పట్టేవాడు. ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడానికి ఏనాడూ మొహమాటపడలేదు. అణకువ మనవాడికి కొంచెం తక్కువే.

అలాంటి మనిషి పన్నెండు గొర్రెలను నెల రోజులు కళ్లెదుట పెట్టుకుని, వాటి మోకాలు ఎక్కడుందో తెలియకుండా కాపలా కాశాడంటే ఎవరు నమ్ముతారు? కానీ జరిగింది అదే.

మూడేళ్ల కిందట వానాకాలంలో ఆయన మందకు నీలి నాలుక రోగం తగిలింది. నెల తిరిగేసరికి మంద ఊడ్చుకుపోయింది. మిగిలిన పదకొండింటిని అమ్మేసి, భార్య మల్లక్కను తీసుకుని వరంగల్ వచ్చేశాడు. ఎనుమాముల మార్కెట్ వెనక ఒక గది తీసుకున్నారు. మల్లక్క మిరపకాయల తొడిమలు తీసే పనికి కుదిరింది. పొద్దస్తమానం నేల మీద కూచునే పని అది. రెండేళ్లకే మోకాళ్లు పట్టేశాయి. దవాఖానలో ఎక్స్‌రే తీసి, గుజ్జు అరిగిపోయింది, మూడో స్టేజీ అన్నారు. అప్పటి నుంచి పొద్దున లేవగానే ఒక నొప్పి గోళీ వేసుకుని, అది పనిచేసే దాకా గోడకు ఆనుకుని కూచుని, ఆ తరువాతే లేచి నిలబడేది. గట్టయ్య ఆ కాసేపూ పక్కన కూచునేవాడు. ఆమె లేచి నిలబడ్డాకే చాయ్ తాగేవాడు.

గట్టయ్యకు పని వెతకగా వెతకగా మళ్లీ గొర్రెల దగ్గరే దొరికింది. మార్కెట్ దాటి చాలా దూరం పోతే, మిరప ఘాటు ముక్కుకు తగలని చోట, ఒక పరిశోధన సంస్థ వాళ్ల షెడ్డు ఉంది. అందులో పన్నెండు నల్ల గొర్రెలు. మేత వేయడం, నీళ్లు పెట్టడం, ఊడవడం, కనిపెట్టుకుని ఉండడం ఆయన పని. నూరు గొర్రెలు తిప్పినవాడికి పన్నెండు గొర్రెలు ఒక లెక్కా అని చేరిన రోజే అన్నాడు. చెవికి తగిలించిన నంబరు బిళ్లలు చూసి, గొర్రెను గుర్తుపట్టడానికి బిళ్ల కావాలా అని కూడా అన్నాడు.

ఆ గొర్రెలు స్నేహలత చేతి కింద ఉండేవి. పశువైద్యం చదివి, పై చదువు కోసం పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఇరవై ఏడేళ్లు, మాట మెత్తన, చెయ్యి ఇంకా మెత్తన. ఆమెకు పైన సదానందం సారు. స్నేహలత సోమవారం సోమవారం వచ్చేది. మిగతా ఆరు రోజులూ గట్టయ్య చూసిందే చూపు, రాసిందే రాత.

మొదటి రోజు ఆమె ఆయనకు అన్నీ వివరంగానే చెప్పింది. మనుషులకు మోకాలు అరగడం ఒక్కరోజులో జరిగే పని కాదు. మొదటి స్టేజీలో కీలు లోపల ఎలా ఉంటుంది, రెండో దాంట్లో ఏమవుతుంది, మూడో దాంట్లో ఏం మిగులుతుంది అన్నది బతికున్న మనిషి కాలు కోసి చూడలేం. గొర్రె మోకాలు చాలా వరకు మనిషి మోకాలు లాంటిదే. కాబట్టి గొర్రెలకు మందు ఎక్కించి, నాలుగు వారాలకు నాలుగింటిని, ఎనిమిది వారాలకు నాలుగింటిని, పన్నెండు వారాలకు మిగిలిన నాలుగింటిని కోసి చూస్తామంది.

కోయడం గట్టయ్యకు కొత్త కాదు. గొర్రె పుట్టేదే మేయడానికీ కోయడానికీ అనుకునే ఇంట్లో పుట్టాడు. ఆయన చెవిలో పడి నిలిచిపోయిన మాట ఒకటే, మందు. మన భాషలో ఈ మాటతో పెద్ద తంటా. రోగానికి వేసేదీ మందే, పత్తి చేను మీద కొట్టేదీ మందే, సాయంత్రం సీసాలో పోసుకునేదీ మందే. స్నేహలత చెప్పిన మందు కీలులోని గుజ్జును తినేసే మందు. ఆ ముక్క చెప్పాననే ఆమె అనుకుంది. గట్టయ్యకు మాత్రం మోకాళ్లు, మందు అనే రెండు మాటలు వినగానే మల్లక్క కళ్లముందు నిలబడింది. మిగతా మాటలు గాలికి పోయాయి. సాయంత్రం ఇంటికి పోయి, నీ మోకాళ్ల కోసం మందు కనిపెడుతున్నారే, కాపలా నేనే అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మల్లక్క నవ్వి, అయితే జర జల్దీ కనిపెట్టుమను అంది.

సూదులు వేసిన రోజు గొర్రెలను ఒక్కొక్కదాన్ని పట్టుకున్నది గట్టయ్యే. సూది వెనక కాలుకు పడింది. తొడ, కడుపు కలిసే చోట, ఉన్ని కింద. పశువుల డాక్టర్లందరూ సూది తొడకే వేస్తారు గనుక ఆయనకు అందులో వింత కనిపించలేదు. పని అయ్యాక స్నేహలత ఒక చార్టు చేతిలో పెట్టింది. రెండు గడులు. ఒకటి మోకాలి వాపు, రెండోది నడక. బాగుంటే సున్నా, కొంచెం తేడా ఉంటే ఒకటి, కుంటడం తెలిసిపోతే రెండు, కాలు కింద పెట్టకపోతే మూడు. నడకలో రెండు వచ్చిన రోజు తనకు ఫోన్ చేయాలని, తను సదానందం సారుకు చెప్పాలని, అది రూలని చెప్పింది. చార్టు కింద ఇంగ్లీషులో ఇంకో నాలుగు వరసలు ఉన్నాయి. వాటిని ఎవరూ చదివి వినిపించలేదు.

ఇక మోకాలి సంగతి. గొర్రె పడుకునేటప్పుడు చూడండి, ముందు కాళ్లు మడిచి, వాటి మీద వంగి, అప్పుడు నడుము వాలుస్తుంది. ముందు కాలు మధ్యలో వంగే ఆ కీలునే గట్టయ్య మోకాలు అంటాడు. ఆయన తండ్రీ అదే అన్నాడు. గొర్రెలు కాసే వాళ్లెవరైనా అదే అంటారు. చదువుకున్నవాళ్ల మోకాలు వేరు. అది వెనక కాలుకు, పైన, కడుపును ఆనుకుని, ఉన్నిలో దాక్కుని ఉంటుంది. మాంసం కొట్టేవాడు దాన్ని తొడ ముక్కలో కలిపేస్తాడు తప్ప మోకాలని పేరు పెట్టి పిలవడు. కాబట్టి మన గట్టయ్య రోజూ పొద్దున పన్నెండు గొర్రెల ముందు కాళ్లు ఇరవై నాలుగూ అరచేత్తో తడిమి, వాపు లేదని నమ్మకంగా సున్నాలు చుట్టాడు.

మూడో రోజుకు అయిదు గొర్రెలు వెనక కాలు ఎగరేయడం మొదలుపెట్టాయి. వారం దాటేసరికి పన్నెండూ కుంటుతున్నాయి.

సూది నరానికి తగిలింది, అదే గట్టయ్యకు తోచింది. పన్నెండింటికీ నరానికే తగిలిందా అని అక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. వేసిన స్నేహలత చెయ్యి ఒక్కటే కదా, తప్పూ ఒక్కలాగే పడుతుందని సరిపెట్టుకున్నాడు. పిల్లకు చెయ్యి ఇంకా కుదరలేదు, నాలుగు రోజుల్లో అవే సర్దుకుంటాయి అనుకున్నాడు.

అలా అనుకోవడానికి ఒక పాత గాయం ఉంది. ఇరవై ఏళ్ల కిందట ఆయన పొట్టేలు ఒకటి, సూది వేసిన మర్నాడు కుంటింది. గట్టయ్య పదిమందిని వెంటేసుకుని పశువుల దవాఖాన మీదికి పోయి, సూది వేసిన కుర్రవాడిని పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ గొడవలో ఆ కుర్రవాడి కొలువు పోయింది. వారం తరువాత పొట్టేలు గిట్ట గీరుతుంటే అందులోంచి తుమ్మముల్లు ఊడి వచ్చింది. ఆ ముల్లును అరచేతిలో పెట్టుకుని గట్టయ్య ఆ రోజంతా అన్నం తినలేదు. ఆ కుర్రవాడి కోసం వెతికాడు కూడా. ఊరే విడిచిపోయాడన్నారు.

అందుకే ఈసారి నోరు కట్టేసుకున్నాడు. నడక గడిలో పన్నెండు సున్నాలు పెట్టాడు. రెండని రాస్తే సారుకు తెలుస్తుంది, సారుకు తెలిస్తే పిల్ల చదువు ఆగుతుంది. తన నోటి వల్ల ఇంకొకరి బతుకు పోకూడదు. ఉద్దేశం మంచిదే, కాదనలేం. పాడు చేసేటప్పుడు కూడా మనుషులకు ఉద్దేశం మంచిగానే ఉంటుంది.

సున్నాలు రాసి ఊరుకోలేదు. సోమవారం తెల్లారకముందే షెడ్డుకు చేరి, నీళ్లు కాచి, గుడ్డ ముంచి, గొర్రెల తొడలకు కాపడం పెట్టేవాడు. ఆముదం రుద్దేవాడు. తరువాత వాటిని ఆవరణ చుట్టూ మెల్లగా మూడు చుట్లు తిప్పేవాడు. కాళ్లు వేడెక్కితే బిగువు వదిలి కుంటు సగం దాగిపోతుంది. సంతలో దళారులు కుంటి గొర్రెను అమ్మడానికి చేసే మాయ ఇది. తన యాభై ఏళ్లలో ఒక్కసారీ చేయలేదు, చేసినవాళ్ల మొహాన ఉమ్మేశాడు. ఇప్పుడు తనే చేశాడు. మిగతా సగం కుంటును గొర్రెలే దాచుకునేవి. తెల్ల కోటు మనిషి షెడ్డులోకి రాగానే బెదిరి, నాలుగు కాళ్లూ నేలకు ఆనించి నిలబడేవి. కుంటేదాన్నే తోడేలు ఏరుకుంటుందని గొర్రెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

స్నేహలత చార్టు చూసేది, గొర్రెలను చూసేది, మొహం చిన్నబుచ్చుకునేది. ఒక్కటి కూడా కుంటడం లేదా కాకా అని రెండో సోమవారం అడిగింది. ఒక్కటీ లేదు బిడ్డా, ఫికర్ చేయకు అన్నాడు గట్టయ్య. ఆ మాటకు ఆమె మొహం ఇంకా వాడిపోయింది. మందు పనిచేయలేదేమో, మూడేళ్ల శ్రమ మట్టిలో కలుస్తుందేమో అని ఆమె భయం. తన తప్పు బయటపడుతుందని భయపడుతోందని ఆయన జాలి. ఇద్దరూ ఒకరినొకరు ఓదార్చుకుని ఎవరి దారిన వారు పోయారు.

నాలుగో వారం సోమవారం మొదటి నాలుగు గొర్రెలకు మత్తు సూది వేసి ప్రాణం తీశారు. గొర్రెను ముక్కలు విడదీయడంలో గట్టయ్య చెయ్యి తిరిగినవాడు గనుక, మోకాళ్లు నాలుగింటివీ కీలు చెడకుండా విడదీసి బల్ల మీదికి తెమ్మంది స్నేహలత. పావుగంటలో ఆయన శుభ్రంగా కడిగిన ట్రేలో ఎనిమిది మోకాళ్లు పేర్చి తెచ్చాడు. ఎక్కడా ఒక గాటు లేదు.

స్నేహలత ట్రేలోకి చూసి నవ్వింది. "ఇవి ముంగటి కాళ్లు గదా కాకా. మోకాళ్లేవి?"

"గివే మోకాళ్లు."

ఆమె నవ్వు సగంలో ఆగింది. బల్ల వైపు నడిచి, గొర్రె వెనక కాలు ఎత్తి, ఉన్ని పక్కకు తోసి, సూది వేసిన చోట వేలు పెట్టింది. ఇది మోకాలు అంది. గట్టయ్య ఆ వేలు వైపు చూశాడు. ఆ చోటును కొన్ని వేలసార్లు చేత్తో పట్టుకుని ఉంటాడు. దానికి ఆ పేరుందని ఎన్నడూ వినలేదు. తొడకు వేశారనుకున్న సూది కీలు లోపలికే పోయిందని మెల్లగా అర్థమైంది.

వాపు గడులన్నీ దండగే అని స్నేహలత నెత్తి కొట్టుకుంది. అయినా ఆయనను ఒక్క మాట అనలేదు. నడక సరిగ్గానే చూశావు కదా అని మాత్రం అడిగింది. గట్టయ్య తల ఊపాడు. అది ఎందుకు ఊపాడో ఆయనకే తెలియదు. నెల రోజుల అబద్ధం మెడను దానంతట అదే ఊపింది.

ఆమె కీలు తెరిచింది. మంచి కీలు లోపల తెల్లగా, నున్నగా, తడిగా మెరుస్తుంది. ఇది మెరవడం లేదు. గుజ్జు గరుకు తేలి, రెండు చోట్ల గుంట పడి, అడుగున ఎముక ఎర్రగా కనిపిస్తోంది. నాలుగు గొర్రెలదీ అదే వరస. గట్టయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. స్నేహలత కళ్లు మాత్రం వెలిగిపోయాయి.

"మందు పనిచేసింది కాకా. మంచిగ పనిచేసింది."

ఏం మందు, ఎవరికి పనిచేసింది, ఇది బాగవడమా అని గట్టయ్య తడబడుతూ అడిగాడు. ఆమె ఆశ్చర్యపోయి, మొదటి రోజు చెప్పాననుకున్నదే మళ్లీ చెప్పింది. గుజ్జును చంపే మందే ఇది. రోగం లేని గొర్రెకు రోగం తెప్పిస్తేనే కదా, అది ఏ వారం ఎంత పెరుగుతుందో చూడగలిగేది. ఆమె చెబుతూనే ఉంది. గట్టయ్య గొర్రెను కోసేవాళ్లను చూశాడు. దొంగిలించేవాళ్లను చూశాడు. కుంటి గొర్రెను మంచిదని అంటగట్టేవాళ్లనూ చూశాడు. మంచి గొర్రెను కావాలని కుంటిది చేసేవాళ్లు ఉంటారని, తనే వాటి తలలు ఒడిసిపట్టి ఆ పని చేయించాడని, ఆయన బుర్రలోకి ఎక్కడానికి చాలాసేపు పట్టింది.

అంతలో సదానందం సారు వచ్చాడు. కీళ్లు చూశాడు, చార్టు చూశాడు, మళ్లీ కీళ్లు చూశాడు. కీలు ఇంతగా పాడైనా నెల రోజుల్లో ఒక్క గొర్రె కూడా కుంటలేదంటే, ఈ స్టేజీలో నొప్పే లేదన్నమాట, ఇది పెద్ద సంగతి, రాయాల్సిన సంగతి అని స్నేహలత భుజం తట్టాడు. ఆమె ఆనందంతో గట్టయ్య వైపు తిరిగింది.

"రెండు పడితే నొప్పి తగ్గే సూది ఇచ్చేటోళ్లం కాకా, చార్టు కింద రాసున్నది గదే. నీ గొర్లకు ఒక్కదానికి సుత అవసరం పడలే. మిగిలిన ఎనిమిదింటికి కూడ ఇగ అక్కర లేదు."

గట్టయ్య చార్టు కింది వరసల వైపు చూశాడు. నొప్పికి మందు ఉందా? షెడ్డులోనే ఉందా? తను రెండు అని రాసి ఉంటే నెల కిందటే ఇచ్చేవారా? అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాడు కూడా. ఎదురుగా ఆ పిల్ల మొహం దీపంలా వెలుగుతోంది. ట్రే కడిగి, షెడ్డు ఊడ్చి, ఇంటికి పోయాడు.

ఆ సాయంత్రం మల్లక్కకు అంతా చెప్పేశాడు. మోకాలు ఎక్కడుందో, మందు ఎలాంటిదో, తను చుట్టిన సున్నాల సంగతి, అన్నీ. ఆమె వింటూ మధ్యలో ఒక్కటే అడిగింది, వాటికి నాలాగే నొస్తుందా అని. నొస్తుందన్నాడు. ఆమె అన్నం వడ్డించింది, తనూ తిన్నది, పడుకుంది.

పొద్దున లేచింది. గోళీ తీసి చేతిలో పట్టుకుంది గానీ నోట్లో వేసుకోలేదు. గోడకు ఆనుకుని అలాగే కూచుంది. వేసుకోవేమే అన్నాడు గట్టయ్య. ఇంకా వేసుకోలేదు. లేవబోయింది. సగం లేచి, నొప్పికి మొహమంతా ముడుచుకుపోయి, మళ్లీ కూలబడింది. గట్టయ్యకు చూడలేక కోపం వచ్చింది, వేసుకోమని అరిచాడు.

"ఒక్క పొద్దుకే గింత లొల్లి చేస్తివి," అంది మల్లక్క, ఆయాసంతో. "నెల దినాలు వాటికి మందు రాకుండ చేసినోనివి నువ్వే గదా. పొయ్యి చెప్పు. చెప్పినంకనే నేను ఏసుకుంట."

గట్టయ్య చాయ్ తాగకుండా, చెప్పులు కూడా సరిగ్గా తొడక్కుండా బయటపడ్డాడు. దారిలోనే ఫోన్ చేసి స్నేహలతను రమ్మన్నాడు. మంగళవారం ఎందుకు కాకా అని ఆమె అడుగుతుంటే, వచ్చి చూడమని మాత్రం అన్నాడు. ఆమె వచ్చేసరికి గొర్రెలకు కాపడం లేదు, ఆముదం లేదు, మూడు చుట్లు లేవు. ఆమెను గేటు బయటే ఆపి, కోటు విప్పించి, గోడ సందులోంచి చూడమన్నాడు.

షెడ్డులో ఎనిమిది గొర్రెలు. మూడు నిలబడి ఉన్నాయి, మూడూ ఒక వెనక కాలు నేలకు ఆనీ ఆనకుండా పెట్టుకుని ఉన్నాయి. మిగిలినవి లేవలేదు. ఏడో నంబరు గొర్రె నీళ్ల తొట్టి వైపు రెండు అడుగులు మోకాళ్ల మీదే పాకింది, అంటే గట్టయ్య మోకాళ్లనే ముందు కీళ్ల మీద. తరువాత ఆగిపోయి, తల నేలకు వాల్చింది.

స్నేహలత గోడను పట్టుకుని నిలబడింది. ఎప్పటి నుంచి అని అడిగింది. మొదటి వారం నుంచి అన్నాడు. మరి సున్నాలు ఎందుకు వేశావంది. అడగడంలో కోపం కూడా లేదు.

"నీ చెయ్యి తప్పిందనుకున్న బిడ్డా. సారుకు తెలిస్తే నీ సదువు పోతదని దాసిన."

ఆమె మెల్లగా అంది, "నా చెయ్యి తప్పలే కాకా. తప్పినా బాగుండు."

ఇద్దరూ లోపలికి పోయారు. ఆమె నొప్పి తగ్గే సూదులు సిద్ధం చేసింది, ఆయన ఒక్కొక్కదాన్ని పట్టుకున్నాడు. ముప్పావు గంట గడిచింది. ముందు ఏడో నంబరు లేచింది. నాలుగు కాళ్లు కింద పెట్టి, తొట్టి దాకా నడిచి, మూతి ముంచి, కడుపు నిండా నీళ్లు తాగింది. దాని వెనక ఇంకోటి లేచింది. ఎవరూ కాపడం పెట్టలేదు, ఎవరూ చుట్లు తిప్పలేదు. తను సోమవారం సోమవారం తెల్లారకముందే లేచి, చేతులు కాలేలా గుడ్డలు పిండి చేయలేనిది ఒక చిన్న సీసా చేసింది. గట్టయ్య గడ్డి మోపు మీద కూలబడి, తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మంద పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

మధ్యాహ్నం సదానందం సారు వచ్చాడు. ఆయన కేకలు వేస్తాడని గట్టయ్య అనుకున్నాడు. వేయలేదు. చార్టు కింది నాలుగు వరసలు చూసి, ఇది తెలుగులో రాసి నీకు చదివి వినిపించాల్సింది మేమే అన్నాడు. తరువాత స్నేహలత వైపు తిరిగి మిగతాది చెప్పాడు. నడక లెక్కలు అబద్ధం. వాపు లెక్కలు అబద్ధం. ఇవ్వాల్సిన మందు ఇవ్వలేదు. ఈ గొర్రెల మీద ఒక్క ముక్క కూడా రాయడానికి లేదు. ఈ ఎనిమిదింటినీ ఇక నొప్పి తెలియకుండా మత్తు సూదితో పంపేయాలి. జంతువుల మీద ప్రయోగాలకు అనుమతి ఇచ్చే కమిటీకి ఉన్నదున్నట్టు చెప్పి, వాళ్లు ఒప్పుకుంటే మళ్లీ మొదటి నుంచి చేయాలి.

"మొదటి నుంచి అంటే?" అడిగాడు గట్టయ్య.

"కొత్త గొర్రెలు. ఇంకో పన్నెండు."

అబద్ధం చెబితే ఒక పిల్ల బతుకు నిలబడుతుందనుకున్నాడు గట్టయ్య. అబద్ధం చెప్పి నాలుగింటికి నొప్పి పెట్టి చంపాడు. నిజం చెప్పి ఎనిమిదింటికి నొప్పి తీశాడు, అవీ మిగలవు. ఇప్పుడు ఎక్కడో కొండ పక్కన హాయిగా మేస్తున్న ఇంకో పన్నెండింటి నెత్తి మీదికి ఆయన చేయి పోతోంది. పన్నెండింటితో అయ్యేదానికి ఇరవై నాలుగు. ఆ లెక్క తనదే, ఇంకెవరి మీదా తోయడానికి లేదు.

కమిటీ ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఈసారి గట్టయ్య రావాల్సిన పని లేదని, వేరేవాళ్లను చూసుకుంటామని స్నేహలత మెత్తగా చెప్పింది. గట్టయ్య ఇంటికి పోయి రెండు రోజులు ఆలోచించాడు. వేరేవాడు అంటే ఎవడు? ఎవడో ఒకడు వస్తాడు, వాడూ ముందు కాళ్లే తడుముతాడు. లేకపోతే గొర్రెలను చూడకుండానే గడులు నింపి ఇంటికి పోతాడు. ఆ పని మీదికి మనసు పోవడం లేదు, నిజమే. అయినా ఆ పన్నెండు గొర్రెల అడుగు తేడా వచ్చిన గంటలోనే పట్టేవాడు ఈ చుట్టుపక్కల తను తప్ప ఇంకొకడు లేడు. ఈసారి అది గొప్పగా అనుకోలేదు. మూడో రోజు పోయి, గొర్రెలను నేనే తెస్తా, నేనే చూస్తా, నడక గడిలో ఒకటి పడినా ఫోన్ చేస్తా, నువ్వు ఏ యాళ్లకైనా రావాలె అని స్నేహలతకు చెప్పాడు. ఆమె సరేనంది.

ఆదివారం సంతకు పోయాడు. ఒక ముసలి కురుమ ముప్పై గొర్రెలతో నిలబడి ఉన్నాడు. మంచి మంద, కళ్లలో తేట, గిట్టలు బిగువుగా ఉన్నాయి. గట్టయ్య మంద మధ్యకు పోయి, ఒక్కొక్కదాని నడుం మీద చెయ్యి వేసి, నడిపించి, పన్నెండింటిని ఏరాడు. ముసలాయన ఆయన ఏరే తీరు చూసి మురిసిపోయి, మనోడివే అన్నాడు. గొర్రె కొనేవాడిని ఎక్కడైనా అడిగే మాటే అడిగాడు.

"కోతకా, సాదుకానికా?"

గట్టయ్య నోరు తెరిచాడు. కోతకంటే సగం అబద్ధం. సాదుకానికి, పెంచుకోవడానికి అంటే నిండా అబద్ధం. మూడో మాట ఆ సంతలో ఎవరూ ఎన్నడూ అని ఉండరు. ఒక గొర్రె ఆయన పంచె అంచు నములుతోంది. దాన్ని విడిపించుకోలేదు.

"కుంటి చెయ్యనీకి," అన్నాడు. మనుషుల మోకాళ్ల రోగం తెలుసుకోవడానికని, నొప్పికి మందు ఇస్తారని, తనే దగ్గరుండి చూస్తానని, తన పెండ్లాం కూడా లేవలేకపోతోందని, ఒకదాని వెంట ఒకటి అన్నీ చెప్పాడు.

ముసలాయన మొహంలోంచి నవ్వు పోయింది. ఏరిన పన్నెండింటినీ కర్రతో మెల్లగా వెనక్కి తోలి మందలో కలిపేశాడు. మంద ముందు అడ్డంగా నిలబడ్డాడు.

"నా తాన గొర్లు లేవు," అన్నాడు.

ఆయన వెనక ముప్పై గొర్రెలు నిలబడి ఉన్నాయి. గట్టయ్య వాటిని చూశాడు, ముసలాయనను చూశాడు. మూడు నెలల కిందట తనను ఎవరైనా అడిగి ఉంటే తనూ ఇదే మాట అనేవాడు, ఇంకో నాలుగు తిట్లు కలిపి. పంచె అంచు సర్దుకుని, పక్క మంద వైపు నడిచాడు. అక్కడా ఇదే అడుగుతారని తెలుసు. అక్కడా ఇదే చెప్పాలి.